పడమటి గోడలో వేణ్ణీళ్ళ పైపు

మా ఇంటికి వాస్తు చెప్పిన బందరు సిద్ధాంతిగారు ఇప్పుడెక్కడున్నారో గానీ, కనబడితే మాత్రం నేను ఊరుకోను. పెద్దాయన, ఎదురుపడితే దణ్ణం పెట్టాల్సిన మనిషి అంటారు మా ఆయన. దణ్ణం పెట్టే అడుగుతాను. అయ్యా, నీళ్ళు కాచుకునే గీజరు అందరిళ్ళల్లోలాగా బాత్రూంలోనే ఉంటే మీకొచ్చిన నష్టమేంటండీ అని.

గీజరంటే నిప్పుతో సమానమట. నిప్పు ఆగ్నేయంలోనే ఉండాలట. అందుకని దాన్ని వంటింటి వెనక ఆగ్నేయం మూల పెట్టించారు. బాత్రూం మాత్రం వాయవ్యంలో ఉండాలన్నారు. అంటే ఇంటికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. మధ్యలో నైరుతి గది, అది ఇంటి పెద్ద పడుకోవాల్సిన గది. గీజర్లో కాగిన నీళ్ళు బాత్రూం పంపులోకి రావాలంటే దక్షిణపు గోడ పొడుగునా వెళ్ళి, నైరుతి గది మూల తిరిగి, పడమటి గోడ పట్టుకుని ఇంటిని సగం చుట్టి రావాలి. పోనీ ఆ పైపేదో గోడకి బయట వేశారా అంటే అదీ లేదు. తొంభై తొమ్మిదిలో గుడివాడలో ఈ ఇల్లు కడుతున్నప్పుడు మా మావగారు శివరామయ్యగారు మేస్త్రీని పిలిచి, "ఒక్క గొట్టం కూడా పైకి కనపడ్డానికి వీల్లేదయ్యా, అన్నీ గోడల్లోనే" అన్నారట. ఆయన కోడూరు వైపు నుంచి వచ్చి, ఎరువుల కొట్టు పెట్టుకుని నిలదొక్కుకున్న మనిషి. ఇల్లు కట్టేది జీవితంలో ఒక్కసారే కదా అని ముచ్చటపడ్డారు. మేస్త్రీ గోడలు చెక్కి, ఇనప పైపు పెట్టి, పైన సిమెంటు మెత్తి నున్నగా చేసేశాడు.

ఆ మరుసటేడు నేను కోడలిగా వచ్చాను. మాది పెడన. మా పుట్టింట్లో పెరట్లో పొయ్యి మీద కాగు పెట్టి నీళ్ళు కాచుకునేవాళ్ళం, పొగకి కళ్ళు మండిపోయేవి. కాబట్టి గీజరంటే నాకూ ముచ్చటే. కాపురానికొచ్చిన మర్నాడు పొద్దున్నే వేణ్ణీళ్ళ పంపు తిప్పాను. రెండు నిమిషాలయ్యాక గోడలోంచి టక్ అంది. కాసేపాగి టక్ టక్. ఆ తర్వాత వరసగా నాలుగైదు. అవతల గదిలోంచి ఎవరో గోడ మీద కొడుతున్నారనుకున్నాను. నీళ్ళు ఎక్కువ వాడేస్తున్నానని అత్తగారికి కోపమొచ్చిందేమోనని హడలిపోయి, సగం స్నానంతోనే బయటికొచ్చేశాను. అత్తయ్య నన్ను ఎగాదిగా చూసి, "అదేంటమ్మాయ్, చెవుల్లో ఆ నురగేంటి?" అంది. సంగతి చెప్తే మావయ్యగారు పడీపడీ నవ్వారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఆ వారంలోనే మావయ్యగారు మా వీధి చివర ఉండే ప్లంబరు మోషేని పిలిపించారు. అతను పంపు తిప్పి, కట్టేసి, గోడకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"ఇనప గొట్టం కదండీ. వేడి తగిలితే సాగుద్ది, చల్లారితే ముడుచుకుంటది. అది కదలటానికి కాస్త సందుండాలండీ. మేస్త్రీ ఏమో సిమెంటుతో బిగించి పారేశాడు. సాగినప్పుడల్లా గోడతో కొట్లాడతంది."

"అయితే ఏం చేద్దామంటావు?" అన్నారు మావయ్యగారు.

"గోడలు పగలగొట్టి గొట్టం బయటికి తియ్యాలండీ. లేదంటే అలవాటు పడిపోవాలి."

కొత్త ఇంటి గోడలు పగలగొట్టుకునే మనిషేనా ఆయన? అలవాటు పడదాంలే అన్నారు. మేం పడ్డాం కూడా. అత్తయ్య మాత్రం పడలేదు. నేను స్నానానికి వెళ్ళటం, గోడ టకటకలాడటం, నైరుతి గదిలోంచి ఆవిడ, "ఈ దిక్కుమాలిన గోడ నోరు ఎప్పుడు పడిపోతుందో!" అని తిట్టటం, ఇది మూడేళ్ళపాటు మా ఇంట్లో రోజూ తెల్లవారే పద్ధతి. నేను పొద్దున్నే స్నానం మానే వీలు కూడా లేదు. స్నానం చెయ్యకుండా కోడలు వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించకూడదన్నది అత్తయ్య పెట్టిన నియమం. జ్వరమొచ్చినా సరే, నాలుగు చెంబులు గుమ్మరించుకుని వెళ్ళాల్సిందే.

రెండువేల మూడు శ్రావణంలో, కొట్లో కుర్చీలో కూర్చున్న మావయ్యగారు ఉన్నట్టుండి పక్కకి ఒరిగిపోయారు. పక్షవాతం. కుడిపక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది. విజయవాడలో ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి తీసుకొచ్చాం. నైరుతి గదిలో, దక్షిణం వైపు తలపెట్టి, మంచాన్ని పడమటి గోడకి ఆనించి వేశాం. ఎడం చెయ్యి బాగానే ఉండేది. ఆ చెయ్యి గోడ వైపుకొచ్చింది.

నోటితో పిలవలేరు కాబట్టి అత్తయ్య ఒక ఏర్పాటు చేసింది. ఆయన ఎడం చేతిలో స్టీలు చెంచా ఒకటి పెట్టి చెప్పింది. "ఒకసారి కొడితే మంచినీళ్ళు. రెండుసార్లు కొడితే పక్కకి తిప్పాలని. మూడుసార్లు కొడితే బెడ్‌పాన్ పెట్టాలని. తెలిసిందా అండీ?" ఆయన ఆవిడ వంక చూసి గోడ మీద టక్‌మని ఒకసారి కొట్టారు. తెలిసిందనో, దాహమేస్తోందనో అర్థంగాక ఆవిడ గ్లాసు తెచ్చింది. మా ఆయన జయకృష్ణ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

ఆ చెంచాతో ఆయన మాకు ఎంత దగ్గరయ్యారో చెప్పలేను. మామూలుగా ఉన్నప్పుడు నాతో పెద్దగా మాట్లాడేవారు కాదు, కోడలితో ఏం మాట్లాడతాం అన్నట్టుండేవారు. చెంచా వచ్చాక నేను గదిలోకి వెళ్తే చాలు, మంచం పట్టె మీద చిన్నగా రెండు దెబ్బలు కొట్టి నవ్వేవారు, సగం మొహంతో. అత్తయ్య ఆపకుండా మాట్లాడుతుంటే గోడ మీద టకటకటకా వాయించేసేవారు, ఇక చాల్లేవే అని. "నోరు పోయినా నా మీద పెత్తనం పోలేదు చూడు ఈయనకి!" అని ఆవిడ మురిసిపోయేది. పెళ్ళయిన దగ్గర్నించీ కోప్పడే మొగుడే గానీ ఇన్నిసార్లు పిలిచే మొగుడు కాదట ఆయన. ఒకరోజు వత్తులు చేసుకుంటూ అదీ చెప్పింది నాతో.

కార్తీకం వెళ్ళిపోతుండగా రెండోసారి వచ్చింది. ఈసారి ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉంచుకోలేదు. ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. గుడివాడలో మాకు అలవాటైన డాక్టరుగారు వచ్చి చూసి, ముక్కులోంచి ట్యూబు వేశారు. ఇకనుంచి పాలైనా జావైనా దాన్లోంచే పొయ్యాలి, నోట్లో చెంచాడు నీళ్ళు పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది, జాగ్రత్త అని అందరికీ చెప్పారు. గేటు దగ్గర మాత్రం మా ఆయనొక్కరికే ఇంకో మాట చెప్పారు. లోపల మనిషి లేనట్టే లెక్క, మీరు పిలిచేది ఆయనకి తెలియదు, ఇక తెలియకపోవచ్చు కూడా అని.

మా ఆయన ఆ మాట నాకు చెప్పారు. అత్తయ్యకి చెప్పలేదు. "నిదానంగా చెప్దాం ఇందూ" అన్నారు. నిదానంగా అంటే ఎప్పుడో ఎవరికి తెలుసు?

అత్తయ్య రోజూ ఆయన ఎడం చేతిలో చెంచా పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచేది. అవి వాటంతటవే విడిపోయేవి. మళ్ళీ ముడిచేది. "కొట్టండి. ఒక్కసారి కొట్టండి చాలు" అని బతిమాలేది. నాలుగు రోజులు ఏమీ లేదు.

ఐదో రోజు పొద్దున చలి బాగా ఉంది. కార్తీకం నెలంతా నేనూ మా ఆయనా చన్నీళ్ళే పోసుకున్నాం, ఇక నావల్ల కాక గీజరు వేశాను. పంపు కింద బకెట్టు పెట్టుకుని కూర్చున్నాను. ఎప్పటిలాగే గోడలో టక్ అంది. కాసేపాగి ఇంకోటి. అలవాటైన చప్పుడే కాబట్టి నేను పట్టించుకోలేదు. అప్పుడు అవతలి గదిలోంచి అత్తయ్య కేక వినపడింది.

"వచ్చానండీ! వచ్చాను! అబ్బాయ్, జయా, మీ నాన్న కొట్టార్రా! రెండుసార్లు కొట్టారు! పక్కకి తిప్పమంటున్నారు!"

చెంబు కింద పెట్టేశాను. గబగబా చీర చుట్టుకుని నైరుతి గదిలోకి పరిగెత్తాను. అత్తయ్య ఆయన్ని పక్కకి తిప్పుతోంది, మొహం వెలిగిపోతోంది. "నేను చెప్పలా? నేను చెప్పలా?" అంటోంది. చెంచా మంచం కింద పడి ఉంది. నేను చూశాను. మా ఆయనా చూశారు. పడమటి గోడ ఇంకా చిన్నగా టిక్కుటిక్కుమంటోంది.

మోషే ఆ రోజు పైపు సంగతి చెప్పినప్పుడు అత్తయ్య అక్కడే ఉంది, అన్నీ విన్నది. మూడేళ్ళు ఆ చప్పుడుని తిట్టిపోసింది. ఇప్పుడు అదే చప్పుడుని ఎలా గుర్తుపట్టలేకపోయిందో నాకు అర్థం కాలేదు. చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ ఆయన నుదురు నిమురుతూ, "కార్తీకమంతా దీపాలు పెట్టానే అమ్మాయ్, ఊరికే పోలేదు" అంది. తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆ రోజునుంచి నాకు నరకం మొదలైంది. పొద్దున్నే అయిదున్నరకి బాత్రూంలో రెండు పంపుల ముందు నిలబడేదాన్ని. వేణ్ణీళ్ళు తిప్పితే అత్తయ్యని మోసం చేసినట్టు. చన్నీళ్ళు తిప్పితే ఆవిడ ఆ రోజంతా మొహం వేలాడేసుకుని కూర్చుంటుంది. స్నానం చెయ్యకుండా ఉండే వీల్లేదు. ఏ పంపు మీద చెయ్యి వేసినా తప్పే. ఒంటిమీద పోసుకునే నీళ్ళకి ఇంత ఆలోచించాల్సి వచ్చిన కోడలు గుడివాడ మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మొదటి వారం చన్నీళ్ళే పోసుకున్నాను. అయినా లాభం లేదు. ఎనిమిదింటికి మా ఆయన స్నానానికి వెళ్ళేవారు, గోడ మొదలుపెట్టేది. ఆయన్నీ మానమన్నాను. నాలుగు రోజులు మానేసరికి అత్తయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోవటం మొదలుపెట్టింది. నీరసంగా, ఎవరితోనూ మాట్లాడకుండా ఆ మంచం పక్కన ముడుచుకుని ఉండేది. చూడలేక నేనే వేణ్ణీళ్ళు తిప్పాను. టక్ అనగానే, "వచ్చానండీ!" అని లేచింది. ఆ పూట రెండుసార్లు పెరుగు వేయించుకుని అన్నం తింది. నాకు ఏడుపొచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. గోడకి ఒకటి రెండు మూడు అని లెక్కేం తెలుసు? ఒకరోజు అయిదు, ఒకరోజు తొమ్మిది కొట్టేది. అత్తయ్య అవన్నీ లెక్కపెట్టుకునేది. ఎదురింటి విజయకుమారిగారు చూడ్డానికొస్తే ఆవిడకి చెప్పింది. "ఇవాళ ఏడు కొట్టారు. ఏడంటే ఏంటో నాకు తెలీటం లేదండీ. మా పెళ్ళి ఏడో తారీఖున అయింది, అదేమో అనుకుంటున్నా." విజయకుమారిగారు పాపం మంచి మనిషి, కళ్ళు పెద్దవి చేసుకుని, "అదే అయ్యుంటుందండీ జానకిగారూ, మీ మీద ఎంత ప్రేమండీ ఆయనకి!" అంది. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆ ఏడు దెబ్బలూ నేను తల రుద్దుకున్నప్పుడు వచ్చినవి.

నాకు అసలు భయం పట్టుకున్నది నీళ్ళ దగ్గర. ఒక దెబ్బ అంటే మంచినీళ్ళని కదా ఏర్పాటు. ఒకనాడు పొద్దున నేను బాత్రూంలోంచి వచ్చేసరికి అత్తయ్య చేతిలో గ్లాసు ఉంది, మావయ్యగారి గెడ్డం కింద తువ్వాలు తడిసి ఉంది.

"అత్తయ్యా, నోట్లో నీళ్ళు పొయ్యొద్దని డాక్టరుగారు చెప్పారు కదండీ!"

"తెలుసులేవే" అంది ఆవిడ, నా వంక చూడకుండానే.

తెలిసినా పోసేస్తుందని నాకనిపించింది. మొగుడు దాహమని పిలుస్తుంటే డాక్టరు మాట ఎవరికి గుర్తుంటుంది? నేను స్నానం చేస్తే గోడ ఒకసారి టక్ అంటుంది, ఆవిడ నీళ్ళు పోస్తుంది, ఆయన ప్రాణం పోతుంది. ఆయన్ని చంపేది నా నాలుగు చెంబుల వేణ్ణీళ్ళేనా అనిపించింది.

మా ఆయన్ని కొట్టుకి వెళ్ళనివ్వకుండా గేటు దగ్గర ఆపేశాను.

"ఇవాళ మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"మా అమ్మకా? నేను చెప్పలేను ఇందూ."

"మీ అమ్మకి మీరు చెప్పలేకపోతే నేనెలా చెప్తానండీ? కోడలు చెప్పిందంటే జీవితాంతం ఆ మాట నా మీదే ఉంటుంది!"

"గట్టిగా అరవకు, వినపడుద్ది."

"ఏది వినపడాలో అది వినపడదు గానీ మీ ఇంట్లో!"

ఆయన స్కూటరు స్టాండు మీదనుంచి తీసి, మళ్ళీ వేశారు. "నాక్కూడా అప్పుడప్పుడూ నాన్నే కొట్టారేమో అనిపిస్తోంది" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోవాల్సింది. మండలేదు. ఎందుకంటే నాకూ ఒకటి రెండుసార్లు అలాగే అనిపించింది. పంపు కట్టేసి చాలాసేపయ్యాక గోడ టక్ అంటే నేను కూడా గది గుమ్మం దాకా వెళ్ళి ఆయన చెయ్యి కదిలిందేమోనని చూసొచ్చాను. కదల్లేదు.

చివరికి నాకు తోచిన ఉపాయం ఒక్కటే. పుష్యమాసంలో ఒక సోమవారం పొద్దున గీజరు స్విచ్ ఆపేసి, కాలిపోయిందని చెప్పాను. కొత్తది తెప్పించేదాకా అందరం పొయ్యి మీద నీళ్ళు కాచుకుందాం అన్నాను. మా ఆయన నా మొహంలోకి చూసి, సరే అన్నారు.

గోడ నోరు పడిపోయింది.

మొదటి రోజు ఆవిడ మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండో రోజు చెంచా చేతిలో పెట్టి, వేళ్ళు ముడిచి, తన చేత్తో ఆ చేతిని పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం నేను జావ ఇవ్వటానికి వెళ్తే చిన్న గొంతుతో ఆయనతో మాట్లాడుతోంది. "కోపమొచ్చిందా? నిన్న విజయకుమారిగారితో మాట్లాడుతూ వీధిలో ఉండిపోయాననా? ఇంకెక్కడికీ వెళ్ళనులెండి." సాయంత్రానికి ఆ మాటలు కూడా లేవు. మూడో రోజు ఆ గదిలోకి వెళ్ళటమే మానేసింది. హాల్లో సోఫా మీద చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చుంది. ట్యూబులో పాలు నేనే పోశాను, పక్కకి నేనే తిప్పాను. "అత్తయ్యా, మావయ్యగారికి దుప్పటి మారుస్తాను, ఒక చెయ్యి పడతారా?" అని పిలిస్తే, "నువ్వే చూడమ్మా" అంది. ఆ మాట ఆవిడ నోట్లోంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆయన దుప్పటి నన్ను ముట్టుకోనిచ్చేది కాదు అంతకుముందు.

ప్రాణం కాపాడుతున్నానని చేశాను. ఎవరి ప్రాణమో నాకే తెలీకుండా పోయింది.

నాలుగో రోజు పదింటికి గేటు చప్పుడైంది. చూస్తే మోషే, సంచీ భుజాన వేసుకుని వస్తున్నాడు.

"అమ్మగారు కబురు పెట్టారండీ. గీజరు కాలిపోయిందంట కదా?"

నేను తెల్లబోయాను. అత్తయ్య జీవితంలో వేణ్ణీళ్ళు పోసుకోదు, మాఘంలో కూడా ఆవిడకి చన్నీళ్ళే. గీజరు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. అలాంటిది ఎప్పుడు కబురు పెట్టిందో, ఎవరితో పెట్టిందో కూడా నాకు తెలీదు. ఆవిడ సోఫాలోంచి లేచి మోషే వెనకే వంటింటి వెనక్కి నడిచింది. నేను కూడా వెళ్ళాను, ఇంకేం చెయ్యను?

మోషే గీజరు మూత విప్పి, లోపల చూసి, వైర్లు కదిపాడు. తర్వాత స్విచ్ వంక చూశాడు. నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది.

"దీనికేం కాలేదమ్మగారూ. స్విచ్ ఆపేసుంది, అంతే."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్తయ్య మోషేతో, "పోన్లే నాయనా, పెద్దవాళ్ళం, చూసుకోలేదు. శ్రమపడి వచ్చావు, వరండాలో కూర్చో, కాఫీ ఇస్తాను" అంది. అతను మా ఇద్దరి మొహాలూ చూసి, పనుందంటూ సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

"నువ్వే ఆపావు కదూ?" అంది అత్తయ్య.

"అవునత్తయ్యా." ఇక దాచి లాభం లేదు. ఏడుస్తూనే మొదలుపెట్టాను. "అత్తయ్యా, అది మావయ్యగారు కాదండీ. ఆ చప్పుడు..."

"పైపు" అంది ఆవిడ.

ఏడుపు ఆపి ఆవిడ వంక చూశాను.

"ఆమధ్య ట్రాన్స్‌ఫార్మరు మారుస్తామని రోజంతా కరెంటు తీసేశారు చూడు. నువ్వూ అబ్బాయీ పొయ్యి మీద కాచుకున్నారు. పొద్దుణ్ణించి సందెదాకా ఆ మంచం పక్కనే కూర్చున్నాను. ఒక్కటంటే ఒక్కటి వినపడలా. ఆ రోజే తెలిసిపోయింది."

ఆ రోజు నాకు గుర్తుంది. తలనొప్పిగా ఉందని ఆవిడ అన్నం తినలేదు. అప్పటికీ ఇప్పటికీ మూడు వారాలు. ఈ మూడు వారాలూ టక్ అన్నప్పుడల్లా, వచ్చానండీ అంటూ పరిగెత్తుతూనే ఉంది.

"మరి తెలిసి కూడా ఎందుకత్తయ్యా?"

"ఏం చెయ్యమంటావే?" అంది ఆవిడ. "ఆ కళ్ళల్లోకి చూస్తే లోపల ఎవరూ లేరు. ఊరికే వెళ్ళి ఏమని మాట్లాడను? నాకు రాదే అమ్మాయ్. పెళ్ళయిన దగ్గర్నించీ ఆయన పిలిస్తే వెళ్ళటమే గానీ నా అంతట నేను వెళ్ళి కబుర్లు చెప్పింది లేదు. గోడ టక్ అంటే, వచ్చానండీ అంటాను. ఆ ఒక్క మాట నోట్లోంచి వస్తే తర్వాతవి వాటంతటవే వస్తాయి. అప్పుడు పక్కకి తిప్పగలను, ఒళ్ళు తుడవగలను. రెండు రోజులు కూర్చుని చూశాను. నిన్నట్నించి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చేస్తున్నాను. కాళ్ళు లోపలికి పడటం లేదు."

"నీళ్ళు పోస్తున్నారని భయపడ్డానండీ. ఆయనకేదైనా అవుతుందని..."

"పిచ్చిదానా! డాక్టరుగారు చెప్పిన దగ్గర్నించీ ఒక్క చుక్క పొయ్యలేదు. దూది తడిపి పెదాలకి అద్దుతున్నాను. ఎండిపోతున్నాయి పాపం."

నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. డాక్టరుగారు చెప్పిన మాటని ఎలా చెప్పాలా అని రెండు నెలలుగా నేనూ మా ఆయనా కొట్టుకు చచ్చాం. ఆవిడకి మా అందరికన్నా బాగా తెలుసు.

అత్తయ్య చేతులు విడిపించుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. గీజరు మీద వెలుగుతున్న ఎర్ర దీపం వంక చూసింది.

"పది నిమిషాలైంది. కాగే ఉంటాయి. వెళ్ళు."

"నా స్నానం పొద్దున్నే అయిపోయిందత్తయ్యా."

"కాళ్ళన్నా కడుక్కోవే" అంది. అడుక్కుంటున్నట్టుగా అంది. ఈ నాలుగేళ్ళలో ఆవిడ నన్ను ఏదీ అలా అడగలేదు.

నేను హాలు దాటి బాత్రూంలోకి వెళ్ళి, బకెట్టు పెట్టి, వేణ్ణీళ్ళ పంపు తిప్పాను. ముందు చన్నీళ్ళే వచ్చాయి. అవి పొయ్యేదాకా పంపు కింద చెయ్యి పెట్టి నిలబడ్డాను. తలుపు తీసే ఉంచాను. హాల్లో అత్తయ్య కనిపిస్తోంది, నైరుతి గది గుమ్మానికి రెండడుగుల ఇవతల, గోడ వంక చూస్తూ. చేతికి వేడి తగిలింది. గోడ ఏమీ అనలేదు. నా జన్మలో ఆ చప్పుడు కోసం ఎప్పుడూ అలా ఎదురుచూడలేదు.

టక్.

అత్తయ్య పైట సర్దుకుంది. "అబ్బబ్బ, వస్తున్నానండీ! ఒక్క నిమిషం ఆగలేరు కదా మీరు!" అంటూ లోపలికి వెళ్ళింది.

కాసేపటికి ఆవిడ గొంతు వినపడింది, మామూలు గొంతు. దుప్పటి సంగతేదో చెబుతోంది, మోషే వచ్చి వెళ్ళాడని చెబుతోంది, కోడలు కాఫీ పొడి ఎక్కువ వేసేస్తోందని చెబుతోంది. బకెట్టు నిండి నీళ్ళు నా కాళ్ళ మీదుగా పొర్లిపోతున్నాయి. కట్టేద్దామని పంపు మీద చెయ్యి వేశాను. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది. కట్టలేకపోయాను.